ఆరుగురి ఆట, ఒక్కరి మోత

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు, పేరు వేయవద్దన్న షరతుతో, చాలా పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆయనకు 34 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాటు, భార్య, మూడేళ్ల పాప. నాలుగేళ్లుగా, అంటే పాప పుట్టకముందు నుంచి, ప్రతి శనివారం సాయంత్రం ఆరింటికి ఆయన ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట జరుగుతోంది. ఈ ఆట తెలియనివారి కోసం ఒక్క మాట చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు డంజన్ మాస్టర్‌గా, వాడుకలో డీఎంగా, సన్నివేశాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్రను పట్టుకుని ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. తలపెట్టిన పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ వారం వారం, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది.

ఈయన బల్ల దగ్గరికి వచ్చేవారు ఆరుగురు: ఇంజినీరింగ్ నాటి స్నేహితులు ఇద్దరు, ఆఫీసులో పరిచయమైన దంపతులు, కింది అంతస్తులో ఉండే బ్యాంకు ఉద్యోగి, తమ్ముడి వరసయ్యే బాబాయి కొడుకు. మొదటి రెండేళ్లు బ్రహ్మాండంగా గడిచాయి. ఇప్పుడు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వాట్సాప్‌లో "ఈ రోజు కుదరదు" అన్న సందేశం రావడం మామూలైపోయింది. ఒక్కరు తగ్గినా ఆట రద్దు చేయడం ఈయన పెట్టుకున్న నియమం కాబట్టి, గత పది శనివారాల్లో ఆట జరిగింది నాలుగు సార్లే. వచ్చినవారు కూడా తమ వంతు అయిపోగానే ఫోన్లలో తల దూరుస్తున్నారు. నలుగురు శత్రువులతో జరిగిన ఒక చిన్న పోరాటానికి రెండున్నర గంటలు పట్టింది. కాలేజీ మిత్రుల్లో ఒకాయన ప్రతి నియమం మీదా వాదనకు దిగుతాడు. పైగా పోయిన నెలలో అందరి ముందూ "కథ తగ్గింది, సెట్టింగులు పెరిగాయి" అన్నాడు. ఆ మాట ఈయనకు గుచ్చుకుంది, ఎందుకంటే ఆ సెట్టింగుల కోసం నాలుగేళ్లలో రూ.70,000 దాకా సొంత డబ్బు పెట్టారు: బొమ్మలు, గడుల మ్యాట్లు, లోహపు పాచికలు, పటాలు చూపించడానికి బల్ల మీద పడుకోబెట్టిన సెకండ్ హ్యాండ్ టీవీ, చివరికి థర్మాకోల్‌తో తానే కట్టిన ఒక కోట. వారానికి ఎనిమిది గంటలు ఆట తయారీకే పోతున్నాయి. భార్య ఏమీ అనరు, కానీ శనివారం మధ్యాహ్నం నుంచే ముభావంగా ఉంటారు. దంపతులేమో రెండు వారాలకు ఒకసారి పెట్టుకుందామా అని అడిగారు. ఆటకు ఇంతని డబ్బు వసూలు చేయాలా, వాదించే మిత్రుణ్ని తప్పించాలా, అసలు ఆపేయాలా అన్నవి ఆయన ప్రశ్నలు. ఉత్తరం చివర, సంతకం కింద, మరో ప్రశ్న ఉంది: "త్రీడీ ప్రింటర్ ఒకటి కార్టులో పెట్టి ఉంచాను. కొనమంటారా?"

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద జాలి కలిగింది, ఎందుకంటే నేనూ చాలా ఏళ్లు ఇదే కుర్చీలో కూర్చున్నాను. శనివారం ఒంటిగంటకు ఫోను మోగితే గుండె జారడం నాకు కొత్త కాదు. రెండోసారి చదివినప్పుడు మాత్రం మీరు ఒకే ఒక వాక్యంలో రాసి దాటేసిన సంగతి కంటపడింది. రద్దయిన ఆరు శనివారాల్లో రెండింటిని రద్దు చేసింది మీరే. కోటకు వేసిన రంగు ఆరలేదని ఒక వారం, బురుజులు పూర్తి కాలేదని మరో వారం. ఆ రెండు సాయంత్రాలూ ఆరుగురూ రావడానికి సిద్ధంగానే ఉన్నారు. ఇది మీ తప్పు అని ఎత్తిచూపడానికి చెప్పడం లేదు. మీ మిత్రుడి మాట ఎందుకు అంతగా గుచ్చుకుందో అర్థం కావడానికి చెబుతున్నాను. ఆయన అన్న తీరు మొరటుది, అన్న చోటు అంతకంటే తప్పు. అయినా ఆ మాటలో సగం నిజం ఉందని మీకు అప్పటికే తెలుసని నా అనుమానం.

మిగతా సగం నిజం కాదు, అది కూడా చెప్పాలి. ఈ ఆటకు బొమ్మలు పరాయివి కావు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని మూడు చిన్న పుస్తకాలుగా అచ్చు వేసినప్పుడు, కాగితం, పెన్సిల్, చిన్న బొమ్మలతో ఆడే ఆట అని అట్ట మీదే రాసుకున్నారు. బొమ్మల సైన్యాలతో ఆడే యుద్ధ క్రీడల నుంచే ఇది పుట్టింది. అదే సమయంలో, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాలు బొమ్మలూ గడులూ లేకుండా నోటిమాటతోనే పోరాటం నడిపించుకోవచ్చని చెప్పి, గడుల మీద ఆడే పద్ధతిని ఐచ్ఛికంగా ఉంచాయి. కాబట్టి సామగ్రి ఉండాలా వద్దా అన్న తగువులో మీ ఇద్దరిలో ఎవరికీ పూర్తి గెలుపు లేదు. నేనైతే ప్రతి వస్తువును ఒకే ప్రశ్న అడుగుతాను: ఇది ఎవరి పనిని తగ్గిస్తోంది? వంతుల వరస చూపించే అట్టముక్కలు డీఎం జ్ఞాపకం మీద భారం తగ్గిస్తాయి. మంత్రాల వివరాలు రాసుకున్న కార్డులు ఆటగాడు పుస్తకం తిరగేసే పనిని తగ్గిస్తాయి. మీ థర్మాకోల్ కోట ఎవరి పనినీ తగ్గించలేదు. మీకు నలభై గంటల పని పెంచింది, ఒకే ఒక్క సాయంత్రం బల్ల మీద నిలబడింది, ఇప్పుడు బీరువా పైన ఉంది. కట్టడంలో మీకు ఆనందం ఉంటే కట్టండి, అది మరో హాబీ. కానీ దాని కష్టాన్ని ఆట ఖాతాలో రాసి, ఆ ఆరుగురి దగ్గర కృతజ్ఞత వసూలు చేయాలనుకుంటే మాత్రం మిగిలేది అలకే.

బుర్రకథ గుర్తు చేసుకోండి. నడుమ తంబురా పట్టుకున్న కథకుడికి ఇరువైపులా గుమ్మెట వాయించే వంతలు ఉంటారు. ఒకరు హాస్యం అందుకుంటారు, ఒకరు లోకరీతి మాట్లాడతారు, ప్రశ్నలు వేస్తారు, కథకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇస్తారు. వంతలు లేకుండా ఆ కథ రాత్రంతా నడవదు. మీరు వంతల పని కూడా మీరే చేస్తున్నారు. నియమాలు మీరే చూస్తారు, వంతుల వరస మీరే రాస్తారు, టీవీలో పటం మీరే జరుపుతారు, గతవారం కథ మీరే గుర్తు చేస్తారు, వాట్సాప్‌లో అందరినీ మీరే బతిమాలతారు, టీ మీ ఇంట్లోనే కాగుతుంది. మిగిలిన ఆరుగురికి మీరు మిగిల్చింది తమ వంతు కోసం ఎదురుచూడటం ఒక్కటే. ఎదురుచూసే మనిషి ఫోను తీస్తాడు.

ఆ ఎదురుచూపు ఎంతో లెక్క వేద్దాం. ఒక్కొక్కరి వంతుకు ఐదు నిమిషాలు, శత్రువుల తరఫున మీ వంతుకు ఏడెనిమిది నిమిషాలు అనుకుంటే ఒక రౌండు ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది నిమిషాలు. నాలుగు రౌండ్లకు మీరు చెప్పిన రెండున్నర గంటలు సరిగ్గా అయిపోతాయి. అందులో ఏ ఆటగాడైనా నోరు తెరిచింది ఇరవై నిమిషాలు. తక్కిన రెండు గంటల పైచిలుకు ఖాళీగా కూర్చున్నాడు. ఫోన్లు బుట్టలో వేయించే నియమం పెట్టాలనుకుంటున్నట్టు రాశారు. వద్దు. పెద్దవాళ్ల చేతుల్లోంచి ఫోన్లు లాక్కుంటే మీరు హాస్టల్ వార్డెన్ అవుతారు, వంతు మాత్రం ఐదు నిమిషాలే ఉంటుంది. వంతును రెండు నిమిషాలకు దించండి. అందుకు కొత్తగా కొనవలసింది దాదాపు ఏమీ లేదు. దళసరి కాగితాన్ని మడిచి, ఒక్కో దాని మీద ఒక్కో పాత్ర పేరు రాసి, మీ కాగితాలు ఆటగాళ్లకు కనబడకుండా అడ్డుగా నిలబెట్టుకునే డీఎం స్క్రీన్ పైఅంచున వరసగా తగిలిస్తే ఎవరి తర్వాత ఎవరో అందరికీ కనిపిస్తుంది. ఒకరి వంతు మొదలైనప్పుడే తర్వాతివారి పేరు కూడా పిలవడం అలవాటు చేసుకోండి. వాళ్లు అప్పుడే ఆలోచించడం మొదలుపెడతారు. దెబ్బ తగిలిందో లేదో చూసే ఇరవై ముఖాల పాచికను, దెబ్బ బలం చూసే పాచికను విడివిడిగా కాకుండా కలిపి ఒకేసారి వేయించండి. శత్రువుల దెబ్బలకైతే మీరు పాచిక వేయనక్కర్లేదు: గోబ్లిన్ అనే చిట్టి రాక్షసుడి కత్తి దెబ్బకు ఐదు అని పుస్తకంలో సగటు అచ్చు వేసే ఉంది, అది తీసుకోండి. నలుగురు గోబ్లిన్ల వంతు రెండు నిమిషాల్లో పూర్తవుతుంది.

రాకపోకల సంగతిలో కూడా లెక్కే సాయం చేస్తుంది. పాచికలతో నాలుగేళ్లు గడిపినవారు కాబట్టి మీకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మీ ఆరుగురూ మంచివాళ్లు, ఐదు వారాల్లో నాలుగు వారాలు రాగలిగినవాళ్లు అనుకుందాం. పిల్లలు, ఆఫీసు రిలీజులు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు ఉన్న మనుషులకు అది గొప్ప హాజరే. అయినా ఆరుగురూ ఒకే శనివారం కుదిరే అవకాశం నూటికి 26 మాత్రమే. అంటే అందరూ ఉంటేనే ఆట అన్న మీ నియమం, ఎవరి తప్పూ లేకుండానే, నాలుగు వారాల్లో మూడింటిని మింగేస్తుంది. అదే నలుగురు వస్తే చాలు అనుకుంటే అవకాశం నూటికి 90కి చేరుతుంది. దంపతులు కలిసే వస్తారు, కలిసే మానేస్తారు కాబట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, సారం మారదు. మీరు స్నేహితుల నిబద్ధత తగ్గిందని బాధపడుతున్నారు. నాకు కనిపించినంతవరకు తగ్గింది నియమంలోని వెసులుబాటు.

నలుగురితో ఆడితే రానివారి పాత్రల సంగతేమిటని అడుగుతారు. దానికి రకరకాల మార్గాలున్నాయి, ఏదీ నిర్దోషం కాదు. ఆ పాత్రను హాజరైన మరో ఆటగాడికి అప్పగిస్తే బలం తగ్గదు, కానీ తన పాత్ర తాను లేనప్పుడు చచ్చిపోతే వచ్చే అలక చిన్నది కాదు. ఆ పాత్రకు జ్వరమొచ్చిందని విడిదిలో పడుకోబెడితే కథకు కొంచెం అతుకు కనిపిస్తుంది, గొడవ మాత్రం ఉండదు. నాకు రెండోదే ఇష్టం. ప్రతి సాయంత్రం ఆటను ఊళ్లోనో విడిదిలోనో, ఎవరైనా వచ్చి చేరగలిగే చోట ముగించగలిగితే అతుకు కూడా కనబడదు.

ఇక మీ ఇంటి విషయం. ఉత్తరంలో దీనికి మీరు ఇచ్చిన చోటు మూడు పంక్తులు, బొమ్మలకు ఇచ్చింది పేజీన్నర. మీ శ్రీమతి ఈ ఆటలో ఎనిమిదో మనిషి. పాచిక పట్టుకోని మనిషి. నాలుగేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఆమె ఇల్లు ఆమెది కాకుండా పోతోంది, ఆరుగురికి టీలు, పాపను లోపలి గదిలో సముదాయించడం, రాత్రి పదకొండు తర్వాత గిన్నెలు. ఆమె ఏమీ అనడం లేదంటే అభ్యంతరం లేదని అర్థం చేసుకోకండి. మీరు డబ్బు వసూలు చేయాలా అని నన్ను అడిగే ముందు, ఆమెను కూర్చోబెట్టి శనివారం ఎలా గడవాలని ఉందో అడగండి. నెలకు ఒక్కసారి మాత్రమే మన ఇంట్లో అని ఆమె అంటే, మిగిలిన వారాలకు చోటు చూసుకోవడం ఆ ఆరుగురి బాధ్యత కూడా. బ్యాంకు ఉద్యోగి కింది అంతస్తులోనే ఉన్నారు కదా. దంపతుల ఇల్లు కొండాపూర్ అని రాశారు. మియాపూర్ నుంచి అదేమంత దూరం.

ఇళ్లు మారుతూ ఆడాలంటే మీ సామగ్రికి ఒక హద్దు దానంతట అదే ఏర్పడుతుంది: ఒక సంచిలో పట్టినంత. ఈ హద్దు మీకు మేలు చేస్తుందని నా నమ్మకం. నా సంచిలో ఉండేవి చెబుతాను, పాటించాలని కాదు, పోల్చుకోవడానికి. ఒక మడత స్క్రీన్, వంతుల అట్టముక్కలు, పెన్సిళ్లు, రబ్బరు. పాచికలు మా అమ్మమ్మగారి పాత పోపుల డబ్బాలో ఉంటాయి. అందులో గిన్నెలు ఏడు, సెట్టులో పాచికలు కూడా ఏడే, నాలుగు ముఖాల దానితో మొదలుపెట్టి ఇరవై ముఖాల దాని వరకు, పదుల లెక్కకు వాడే పది ముఖాలది కూడా కలుపుకుని. మూత గట్టిగా పడుతుంది. మీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది కాబట్టి ఆ మూత విలువ మీకు వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు ముఖాల పాచిక నోట్లో పడకూడని వస్తువు, చీకట్లో కాలి కింద కూడా పడకూడని వస్తువు. బొమ్మలు మీ దగ్గరున్నవాటిలో ఆరు పాత్రలకు ఆరు, శత్రువులకు ఒక పన్నెండు తీసుకెళ్లండి, చాలు. మిగిలినవాటికి చింతగింజలు పెట్టినా గోబ్లిన్లు ఏమీ అనుకోవు. ఎవరు మూర్ఛపోయారో, ఎవరి మీద మంత్రం ఉందో గుర్తుపెట్టడానికి నీళ్ల సీసా మూత కింద మిగిలే ప్లాస్టిక్ వలయం బొమ్మ మెడలో వేస్తే సరిపోతుంది.

మ్యాట్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇందులో నా సొంత పరాభవం ఒకటి ఉంది. ఒక అంగుళం గడి ఆటలో ఐదు అడుగులు. ఈ గడులున్న వినైల్ మ్యాట్ల మీద సాధారణంగా తడిగుడ్డతో చెరిగే మార్కర్లే వాడాలి. మొదట్లో నాకది తెలియక ఆఫీసు వైట్‌బోర్డు మార్కరుతో ఒక నది గీశాను. ఆ నది ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నా కథల్లోని ప్రతి గుహలోనూ, ప్రతి సత్రంలోనూ, ఒకసారి రాజుగారి పడకగదిలోనూ నడిమి నుంచి ఒక సెలయేరు పారుతూనే ఉంది. మీరు ఇంకో మ్యాట్ కొనాలనుకుంటే దిగుమతి సరుకు జోలికి వెళ్లకండి. మీ వీధి చివర పుట్టినరోజు ఫ్లెక్సీలు కొట్టే దుకాణంలో అంగుళం గడుల పటం ఫైలు ఇస్తే చదరపు అడుగు లెక్కన కొట్టిస్తారు. దాని మీద భోజనాల బల్లకు పరిచే పారదర్శకమైన షీటు వేసి గీసుకోవచ్చు. ముందు ఒక మూల గీసి చెరుగుతుందో లేదో చూడండి, గీసింది ఆ రాత్రే తుడిచేయండి. మిర్చి బజ్జీలు బల్ల దరిదాపులకు రానివ్వకండి. నూనె చేతులతో మంత్రాల కార్డులు పట్టుకున్న బృందానికి చేగోడీలే శ్రేయస్కరం.

డబ్బు వసూలు సంగతి. సాయంత్రానికి ఇంత అని మీరు తీసుకుంటే అది టికెట్టు. టికెట్టు కొన్నవాడు వినోదం అడుగుతాడు, నచ్చకపోతే మానేస్తాడు, మీ భారం ఇప్పటికంటే పెరుగుతుంది. డబ్బు తీసుకుని ఆట నడిపించే డీఎంలు లేకపోలేదు, కానీ వారి బల్ల దగ్గర కూర్చున్నవారు స్నేహితులుగా రారు. తలా కొంత వేసుకుని, తినుబండారాలకూ ప్రింట్లకూ ఖర్చు పెట్టి, లెక్క ఒక ఆటగాడి దగ్గర ఉంచితే అది చందా. చందా ఇచ్చినవాడికి ఆ బల్ల తనది కూడా అనిపిస్తుంది. గడిచిన రూ.70,000 మాత్రం ఎవరి దగ్గరా తిరిగి అడగకండి. ఎవరూ కొనమనలేదు, ఆ మాట ఎవరో ఒకరు అనేస్తారు, అది వినడం మీకు బాగుండదు.

వాదించే మిత్రుణ్ని తప్పిస్తే ఏమవుతుంది? వాదనలు ఆగుతాయి, నిజమే. కానీ మీ ఇద్దరిదీ పదిహేనేళ్ల స్నేహం, రెండో కాలేజీ మిత్రుడు మీ ఇద్దరికీ నడుమ ఇరుక్కుంటాడు, అతడూ కొన్నాళ్లకు రావడం మానేస్తాడు. దానికి సిద్ధపడితేనే ఆ దారి. మరో దారి, ఆయన వ్యసనానికే ఉద్యోగం ఇవ్వడం. ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు. ఆ పత్రాన్ని ఫోన్లో దింపుకోమని చెప్పి, నియమం చూసిపెట్టే పని పూర్తిగా ఆయనకు అప్పగించండి. షరతులు మూడు: మీరు అడిగినప్పుడే చూడాలి, రెండు నిమిషాల్లో దొరక్కపోతే మీరు చెప్పిందే ఆ సాయంత్రానికి చెల్లుతుంది, నిజం ఏమిటో తర్వాత గ్రూపులో పెట్టాలి. కొందరికి అధికారం ఇస్తే పెత్తనం పెరుగుతుంది, ఈయన ఆ కోవకు చెందినవాడైతే ఇది బెడిసికొట్టవచ్చు, మనిషిని మీరెరుగుదురు. ఏది చేసినా ముందు ఒకసారి విడిగా కలిసి, బయట టీ కొట్టు దగ్గర, ఆ మాట అందరి ముందూ అనడం బాధ కలిగించిందని చెప్పండి. అది చెప్పకుండా ఉద్యోగం ఇస్తే లంచంలా ఉంటుంది.

ఇదే తీరున మిగతా పనులూ పంచవచ్చు. టీవీ పటం జరపడం మీ తమ్ముడికి. వంతులు పిలవడం దంపతుల్లో ఒకరికి. గతవారం కథ రాసి శుక్రవారం గ్రూపులో పెట్టడం బ్యాంకు ఉద్యోగికి. దానికి ప్రతిఫలంగా ఆయన పాత్రకు ఒక ఇన్‌స్పిరేషన్ ఇవ్వండి, ఇష్టమొచ్చినప్పుడు రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటాడు. మీ ఎనిమిది గంటల తయారీ తగ్గాలంటే ఒక చిట్కా ఉంది: ఆట ముగిసే ముందు "వచ్చేవారం మీరు ఎటు వెళ్తారు?" అని అడిగి, జవాబు రాసుకుని లేవండి. వాళ్లు వెళ్లని ఊరికి పటం గీసే బాధ తప్పుతుంది. వెళ్లే ఊళ్లో ఉండే నలుగురు మనుషులు, ఒక్కొక్కరికి ఏం కావాలో, బయటపడగల రహస్యం ఒకటి రాసుకుంటే గంటన్నరలో తయారీ అయిపోతుంది. పని పంచినప్పుడు మొదటి నెల అన్నీ మీరు చేసినంత బాగా జరగవు. కథ సారాంశంలో పేర్లు తప్పు పడతాయి, టీవీలో రహస్య గది ముందే కనిపించిపోతుంది. అది చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోగలరా అన్నదే ఈ దారికి అసలు ఖరీదు.

రెండు వారాలకు ఒకసారి అన్న ప్రతిపాదనను మీరు అవమానంగా తీసుకున్నట్టున్నారు. మానేయాలనుకున్నవాళ్లు మానేస్తారు, రెండు వారాలకొకసారి అని అడగరు. ఒప్పుకుంటే మీ శ్రీమతికీ మీకూ రెండు శనివారాలు మిగులుతాయి, తయారీకి ఊపిరి ఆడుతుంది. నష్టం కూడా ఉంది: పద్నాలుగు రోజుల విరామంలో కథ మరిచిపోతారు, ఒక ఆట తప్పితే నెల రోజులు గడిచిపోతాయి. అందుకే ఈ దారి పట్టేవారికి నలుగురు చాలన్న నియమం, శుక్రవారం సారాంశం, రెండూ తప్పనిసరి.

ఆపేయడం గురించి. ఆపాలనిపిస్తే సిగ్గుపడవలసింది లేదు, కానీ ఒంటిగంట సందేశానికి విసిగి గ్రూపులోంచి బయటికి వెళ్లిపోవడం ఆపడం అనిపించుకోదు. ఇంకో ఆరు ఆటల్లో కథ ముగుస్తుందని ముందే ప్రకటించండి. ముగింపు తెలిస్తే హాజరు పెరుగుతుంది, నాలుగేళ్ల పాత్రలకు వీడ్కోలు దక్కుతుంది. ఆ తర్వాత మీరు ఎంత తరచుగా కలుసుకుంటారో మాత్రం నేను హామీ ఇవ్వలేను. మధ్య వయసు స్నేహాలకు ఒక పని, ఒక వేళ లేకపోతే అవి పండగ శుభాకాంక్షల స్థాయికి దిగుతాయి.

ఆపడానికీ సాగించడానికీ నడుమ మరో దారి ఉంది, మీరే దాన్ని ఉత్తరంలో రాసి గమనించలేదు. "తమ్ముడు తానూ ఒకసారి నడిపిస్తానంటున్నాడు, వాడికి ఇంకా రాదు" అన్నారు. మీకు కూడా నాలుగేళ్ల క్రితం రాదు. మీ కథను ఒక మజిలీ దగ్గర నిలిపి, మూడు నెలలు బల్ల అతడికి ఇవ్వండి. కొత్త ఆట కావాలంటే 1981 నాటి కాల్ ఆఫ్ క్తుల్హు ఉంది, నూటి మీద లెక్క వేసే పాచికలతో నడిచే పరిశోధన కథ. అందులో గడులూ కోటలూ దాదాపు అవసరం లేదు, కాబట్టి అతడు మీ బొమ్మలతో పోటీ పడనక్కర్లేదు. మీరు ఆటగాడిగా కూర్చుంటారు. తన వంతు కోసం ముప్పై నిమిషాలు ఎదురుచూడటం ఎలా ఉంటుందో మీకు అప్పుడు తెలుస్తుంది. ప్రమాదం ఏమిటంటే అతడు తడబడినప్పుడల్లా మీకు నాలుక దురద పెడుతుంది; అన్నయ్య అందరి ముందూ సరిదిద్దితే తమ్ముడు మళ్లీ ఆ కుర్చీ ఎక్కడు. అడిగితేనే చెప్పండి, అది కూడా ఆట అయ్యాక.

నన్నడిగితే ఈ దారికి నలుగురు చాలన్న నియమాన్ని కలిపి మొదలుపెడతాను. మీ ఇంటి పరిస్థితి మీకు తెలుసు కాబట్టి ఎంపిక మీదే. కానీ ఏది ఎంచుకున్నా గ్రూపులో ప్రకటనలా పెట్టకండి. ఒక శనివారం పాచికలు తీయకుండా, అందరినీ కూర్చోబెట్టి, నాకు అలసటగా ఉంది అన్న మాట నోటితో చెప్పండి. ఉత్తరం మొత్తంలో ఆ మాట నాకు రాశారు, వాళ్లలో ఒక్కరికి చెప్పినట్టు ఎక్కడా లేదు. చెప్పాక, నాలుగేళ్లలో బాగా నచ్చిన ఘట్టం ఒకటి, ఇకముందు కావాలనుకునేది ఒకటి తలా చెప్పమనండి. వాళ్లు గుర్తు చేసుకునే ఘట్టాల్లో బల్ల మీద ఏ బొమ్మ ఉందో, అసలు ఉందో లేదో, గమనించండి.

ఇక ప్రింటర్. చిన్న బొమ్మలకు పనితనం బాగా రావాలంటే రెజిన్ అనే ద్రవంతో అచ్చు వేసే రకం కావాలి. అచ్చయిన ప్రతి బొమ్మనూ ఆల్కహాల్‌లో కడిగి, అతినీలలోహిత కాంతిలో గట్టిపరచాలి. గట్టిపడని రెజిన్ చర్మానికి తగలకూడదు, వాసన పీల్చకూడదు, చేతికి తొడుగులు, గదికి మంచి గాలి ఉండాలి. రెండు పడకగదుల ఫ్లాటులో మూడేళ్ల పాపతో అది నాకు సుతరామూ నచ్చని ఆలోచన. ప్లాస్టిక్ తీగను కరిగించి పోసే రకం ఇంట్లో కొంత నయం, గోడలూ మెట్లూ తలుపులూ బాగానే వస్తాయి, కానీ ఒక్కో ముక్కకు గంటలు పడుతుంది, ఆ గంటల కాపలా మళ్లీ మీదే. కార్టులో ఉన్నది ఏ రకమో మీరు రాయలేదు. ఏదైనా సరే, మీ తమ్ముడు తన మూడు నెలలు పూర్తి చేసేదాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి. అప్పటికి బల్లకు ఏం తక్కువైందో అతణ్నే అడగండి. ప్రింటర్ కావాలని అతడంటే, దాన్ని ఎవరింట్లో పెట్టాలో మీ శ్రీమతిని అడిగి నాకు రాయండి.